కిడ్నాప్ నవలలు రాసేవారికి, అచ్చువేసేవారికి తిరుపతి పాఠకుల తరఫున ఒక బహిరంగ లేఖ

తెలుగులో రాజకీయ థ్రిల్లర్లు రాస్తున్న రచయితలకు, వాటిని అచ్చువేస్తున్న ప్రచురణకర్తలకు నమస్కారం.

తిరుపతిలో నాకొక జెరాక్స్ షాపు ఉంది. అందులో ఒక పక్క గోడకి అద్దెకిచ్చే పుస్తకాలు పెట్టాను. ఆటో డ్రైవర్లు, యూనివర్సిటీ పిల్లలు, రిటైరైన ఉద్యోగులు, మధ్యాహ్నం పని తీరాక వచ్చే ఇల్లాళ్లు తీసుకెళ్తుంటారు. ఎక్కువగా కదిలేవి థ్రిల్లర్లే. ఈ మధ్య ఒక రాజకీయ కిడ్నాప్ నవల మా దగ్గర ర్యాకులో కూర్చున్నదే లేదు. ఒకరు తెచ్చివ్వగానే ఇంకొకరు పట్టుకుపోయారు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. మా పాఠకులు పట్టుకున్న లోపాలు అంతకుముందు వచ్చిన నవలల్లోనూ ఉన్నాయి. ఒక్క రచయితను నలుగురిలో నిలబెట్టి అడగడం నాకు ఇష్టం లేదు. మీ అందరికీ కలిపి చెప్పుకోవాల్సిన మాట ఇది.

కథ క్లుప్తంగా చెబుతాను. ఎన్నికల ముందు ఒక మంత్రి కూతుర్ని తిరుపతిలో ఎత్తుకెళ్తారు. జైల్లో ఉన్న తమ నాయకుణ్ణి వదిలిపెట్టమంటారు. ముఖ్యమంత్రి తటపటాయిస్తాడు. ఒక కుర్ర ఎస్పీ రంగంలోకి దిగి శేషాచలం అడవిలోకి వెళ్లి అమ్మాయిని విడిపిస్తాడు.

ముందు మెచ్చుకోలు చెప్పాలి, ఎందుకంటే అది నిజం. మొదటి వంద పేజీలు ఒక్క ఊపున చదివామని దాదాపు అందరూ అన్నారు. టౌన్ క్లబ్ దగ్గర టీ కొట్టు పెట్టుకున్న ఒకాయన రాత్రి మొదలుపెట్టి తెల్లారి కొట్టు తెరిచే వేళకు ముగించాడట. మాటలు బాగున్నాయి. మంత్రిగారి పీఏ ఫోన్ ఎత్తి మాట్లాడే తీరు చదివి, సెక్రటేరియట్‌లో పనిచేసి వచ్చిన ఒక సార్ "అచ్చం ఇట్లనే మాట్లాడతారమ్మా" అన్నారు. తెలుగులో ఇలా చదివించే పుస్తకం దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో అది చిన్న విషయం కాదు. అందుకే మిగతాది కూడా మీకు చెప్పాలనిపించింది.

మా దగ్గర పుస్తకం తీసుకున్నవాళ్లు అంచుల్లో పెన్సిల్‌తో రాస్తుంటారు. నేను వద్దనను. ఈ నవల కాపీలో ఉన్నన్ని రాతలు మరే పుస్తకంలోనూ చూడలేదు. ఘాట్ రోడ్డు ఛేజింగ్ ఉన్న పేజీలో ఒక ట్యాక్సీ డ్రైవర్ పెద్ద అక్షరాలతో రాశాడు: "ఆయప్ప ఎప్పుడన్నా కొండెక్కినాడా?" సంగతేమిటంటే, కిడ్నాపర్లు కొండ మీద నుంచి అలిపిరికి దిగుతుంటే ఎదురుగా యాత్రికుల బస్సులు పైకి వస్తుంటాయి. ఇక్కడ ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులో దిగుతారు, 1974లో వచ్చిన రెండోదాంట్లో ఎక్కుతారు. మూడేళ్ల పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని కొండకు పోయే తల్లికి కూడా తెలిసిన విషయం. ఆ ఛేజింగే నవలలో పెద్ద ఘట్టం. తిరుపతివాళ్లకు అక్కడే నమ్మకం పోయింది.

ఫోన్ దగ్గర కూడా అంతే. "ఇంకొక్క నిమిషం మాట్లాడించండి సార్, ట్రేస్ అవుతోంది" అని ఇన్‌స్పెక్టర్ చెవిలో గుసగుసలాడతాడు. సెల్ టవర్ల మెయింటెనెన్స్ చేసే ఒక అబ్బాయి దీనికి నవ్వలేదు, బాధపడ్డాడు. ఇప్పుడు ఫోన్ కలిసిన క్షణమే అది ఏ టవర్ కింద ఉందో కంపెనీ రికార్డులో పడుతుంది, నిమిషం లెక్క ల్యాండ్‌లైన్ కాలానిది అని చెప్పాడు. చిత్తూరు కోర్టులో ప్రాక్టీస్ చేసే ఒక లాయర్ గారు ఎఫ్ఐఆర్ ఉన్న పేజీ మూల మడిచి పెట్టారు. కథ జరిగేది 2025లో. కేసు మాత్రం ఐపీసీ 364ఏ కింద కట్టారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, ఆ నేరానికి ఇప్పుడు సెక్షన్ 140(2). ఇవన్నీ ఒక్క పూట తిరుపతి వచ్చి నలుగురిని అడిగితే సరిపోయేవి. అచ్చుకు ముందు ఒక డ్రైవర్‌కి, ఒక వకీలుకి చూపించమని ప్రచురణకర్తలను అడుగుతున్నాను. ఇక్కడ ఎవరూ ఫీజు కూడా అడగరు.

వీటి గురించే అయితే ఇంత ఉత్తరం రాయను. ఇవి దిద్దుకుంటే పోతాయి.

అమ్మాయిని ఎత్తుకెళ్లేటప్పుడు ఆమె కారులో ఉన్న గన్‌మన్‌ను కాల్చేస్తారు. నవలలో అతనికి దక్కింది ఒకటిన్నర వాక్యం. "గన్‌మన్ అక్కడికక్కడే కుప్పకూలాడు" అని ఉంటుంది, ఆ వెంటనే కారు డోరు తెరుచుకుంటుంది. ఆ వాక్యం పక్కన ఎవరో సన్నటి పెన్సిల్‌తో "పాపం, ఈయనకు పిల్లలున్నారా?" అని రాశారు. కొన్ని అధ్యాయాల తర్వాత వేరే చేతిరాతలో "ఇంకా చెప్పలేదు" అని ఉంది. చివరి పేజీలో, ముఖ్యమంత్రి ఎస్పీకి పతకం ప్రకటించే చోట, మూడో చేతిరాత: "చెప్పనేలేదు."

ఈ ముగ్గురూ ఒకరికొకరు తెలియదు. ఏఆర్‌లో (ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో) కానిస్టేబుల్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడ్డారు. "వీఐపీ డ్యూటీలో ముప్పై ఏళ్లు తిరిగితినమ్మా. ఆ కార్లో ముందు సీట్లో కూర్చునేది నేనే. కథలో మేము ఎప్పుడూ రెండో పేజీలో చచ్చిపోతాం" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నాకే ఏం చెప్పాలో తోచలేదు.

2012 ఏప్రిల్ 21న ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మేనన్‌ను మావోయిస్టులు ఎత్తుకెళ్లినప్పుడు ఆయన అంగరక్షకులు ఇద్దరిని అక్కడే చంపేశారు. కలెక్టర్ మే 3న క్షేమంగా బయటికొచ్చారు. పేపర్లలో రోజూ ఆయన ఫొటో వచ్చింది, రావాల్సిందే. ఆ ఇద్దరి ఇళ్లల్లో ఆ పన్నెండు రోజులు ఎలా గడిచాయో రాయగలిగేది నవలాకారుడే. పత్రికకు అంత జాగా ఉండదు, మీకు మూడు వందల పేజీలుంటాయి. మా కానిస్టేబుల్ సార్ అడుగుతున్నది ఆ జాగాలో కొంచెం.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న మాట. కిడ్నాప్ కథలో ప్రాణం బేరంలో ఉంటుంది. ఎవరి ప్రాణానికి ఎవరు ఎంత ఇవ్వడానికి సిద్ధపడతారు, ఆ ఇచ్చేది చివరికి ఎవరి జేబులోంచి పోతుంది అన్న దగ్గర. మీ నవలల్లో బేరం ఒక అధ్యాయంలో తేలిపోతుంది. ముఖ్యమంత్రి టేబుల్ మీద గుద్ది "టెర్రరిస్టులతో చర్చల్లేవు" అంటాడు, ఆ మాటతో ఎస్పీకి అడవిలోకి దారి దొరుకుతుంది. మిగతాదంతా పరుగు.

మన దేశంలో జరిగింది ఇలా లేదు. 1987 డిసెంబరు 27న తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ అనే నక్సలైట్ పార్టీ దళం ఐఏఎస్ అధికారులను పట్టుకుంది. అందులో ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు. గిరిజనుల కోసం, దళితుల కోసం, వెట్టిచాకిరీ నుంచి బయటపడాల్సిన వాళ్ల కోసం ఉద్యోగ జీవితమంతా పనిచేసిన మనిషి. ఎన్టీఆర్ ప్రభుత్వం జైల్లో ఉన్న నక్సలైట్లను వదిలిపెట్టాక అధికారులు బయటికొచ్చారు. మామూలు థ్రిల్లర్ అయితే ఇక్కడ ముగుస్తుంది. శంకరన్ కథ ఇక్కడ ముగియలేదు. 1997లో ఆయన మరికొందరితో కలిసి పౌరస్పందన వేదిక పెట్టి, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు నడవాలని ఏళ్ల తరబడి తిరిగారు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో శాంతి చర్చలు జరగడం వెనక ఆ శ్రమ ఉంది. తనను పట్టుకున్నవాళ్లతోనే మాట్లాడాలని పట్టుబట్టిన బందీ! ఇంతకంటే పెద్ద పాత్ర ఏ రచయితకు దొరుకుతుంది? మా పాఠకుల్లో ముప్పై ఏళ్ల లోపు వాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. నేను చెబితే ఒకమ్మాయి "ఇది నవలగా ఎందుకు రాయలేదక్కా?" అంది.

2011 ఫిబ్రవరి 16న ఒడిశాలో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణ, మన తెలుగువాడే, ఒక జూనియర్ ఇంజనీర్‌తో పాటు మావోయిస్టులకు బందీ అయ్యారు. ఆయన సెక్యూరిటీ లేకుండా మారుమూల గిరిజన గ్రామాలకు పనులు చూడటానికి వెళ్లారు. ఆయన్ని వదిలిపెట్టమని ఆ జిల్లా గిరిజనులే రోడ్ల మీదికొచ్చి ఊరేగింపులు చేశారు. మధ్యవర్తులుగా ప్రొఫెసర్ హరగోపాల్, ప్రొఫెసర్ సోమేశ్వరరావు, దండపాణి మొహంతి కూర్చున్నారు. డిమాండ్ల జాబితాలో ఖైదీల విడుదలతో పాటు కొండరెడ్లకు, నూకదొరలకు ఎస్టీ హోదా ఇవ్వాలన్నది కూడా ఉంది. ఫిబ్రవరి 24న కలెక్టర్ బయటికొచ్చారు. ఈ బేరంలో ఒక్కో డిమాండ్ దగ్గర ఆగి చూడండి. న్యాయమైన కోరికను తుపాకీ పెట్టి అడిగితే ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే రేపు ఇంకెవరిని పట్టుకుంటారు? ఒప్పుకోకపోతే ఆ మంచి కలెక్టర్ ఏమవుతాడు? ఒక గదిలో టేబుల్‌కి అటూ ఇటూ కూర్చున్న నలుగురు పెద్దవాళ్ల మధ్య మూడు వందల పేజీల టెన్షన్ ఉంది. తుపాకీ పేలక్కర్లేదు. సుక్మాలో కలెక్టర్‌కు ఆస్తమా ఉంటే, సీపీఐ నాయకుడు మనీశ్ కుంజాం ఆయనకు మందులు తీసుకుని అడవిలోకి వెళ్లారు. ఆ ఒక్క ప్రయాణం రాయండి. మా షాపులో కాపీలు చాలవు.

మా ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు బాగా గుర్తున్న కిడ్నాప్ కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ది. ఇక్కడి సగం ఇళ్లకు బెంగళూరులో ఎవరో ఒకరు ఉంటారు. 2000 జులై 30న గంధపు చెక్కల దొంగ వీరప్పన్ ఆయన్ని ఎత్తుకెళ్లాడని తెలిసి బెంగళూరు అట్టుడికిపోయింది. 108 రోజుల తర్వాత, నవంబరు 15న ఆయన బయటికొచ్చారు. ఈ మధ్యలో జరిగిన ఒక సంగతి ఎవరి నవలలోనూ నాకు కనిపించలేదు. రాజ్‌కుమార్‌ను విడిపించుకోవడానికి కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు రెండూ టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద జైల్లో ఉన్నవాళ్లను వదలడానికి సిద్ధమయ్యాయి. అప్పుడు అబ్దుల్ కరీం అనే ఒక తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన కొడుకు షకీల్ అహ్మద్ సబ్ ఇన్‌స్పెక్టర్, వీరప్పన్ ముఠా చేతిలో చనిపోయాడు. నా కొడుకును చంపిన కేసులో ఉన్నవాళ్లను ఎలా వదులుతారని ఆ తండ్రి ప్రశ్న. 2000 నవంబరు 7న కోర్టు ఆయన వైపు నిలబడి ఆ విడుదలలను ఆపేసింది.

కోట్లమంది దేవుడిలా చూసుకునే నటుడు అడవిలో ఉన్నాడు. ఊరు తగలబడుతుందేమోనని ప్రభుత్వాలకు భయం. అంతటి ఒత్తిడికి ఎదురుగా కొడుకు పోయిన ఒక ముసలాయన చేతిలో పిటిషన్. ఆయన తప్పా? రాజ్‌కుమార్ ఇంట్లోవాళ్లు తప్పా? ఇద్దరూ తప్పు కాదనే చోట కథ బిగుస్తుంది. మీ నవలలో ఎస్పీ రైటు, మంత్రి పిరికివాడు, కిడ్నాపర్ రాక్షసుడు అని పదో పేజీకే తేలిపోయింది.

దీనికి మా దగ్గరే ఎదురు మాట ఉంది, అది కూడా మీకు చేరవేయాలి. మందుల కంపెనీలో రెప్‌గా పనిచేసే ఒక తమ్ముడు "అక్కా, రోజంతా బండి మీద తిరిగి వస్తా, నాకు బుర్ర తినే పుస్తకం వద్దు, పరిగెత్తించేది చాలు" అన్నాడు. అతని మాట నేను కొట్టిపారేయను. అలసిపోయిన మనిషికి రెండు గంటలు అన్నీ మరిచిపోయేలా చేయడం మంచి పనే. కానీ ఎంతవరకు చదివావు అని అడిగితే చివరి నలభై పేజీలు తిప్పేశానన్నాడు. అమ్మాయి దొరుకుతుందని తెలిసిపోయిందట. అతను కోరిన పరుగు కూడా అతనికి దక్కలేదు. ఏమవుతుందో అన్న అనుమానం పాఠకుడిలో మిగలాలంటే రెండు వైపులా పోగొట్టుకునేది ఏదో ఉండాలి. బేరం రాయమని నేను అడుగుతున్నది ఆ తమ్ముడి కోసం కూడా.

అమ్మాయి సంగతి. పద్మావతి యూనివర్సిటీలో చదివే ముగ్గురు పిల్లలు పుస్తకాన్ని వంతులవారీగా చదివి ఒకే మాట చెప్పారు. నవల నడిచేదే ఆమె మీద, ఆమెకు మాత్రం ఒక్క ఆలోచన లేదు. ఏడుస్తుంది, నీళ్లడుగుతుంది, చివర్లో ఎస్పీ భుజం మీద వాలిపోతుంది. ఆ గదిలో పగలూ రాత్రీ ఎలా తెలిసేవో, కాపలా ఉన్నవాడితో ఏం మాట్లాడిందో, తండ్రి తనకోసం ఏం చేస్తాడని నమ్మిందో, ఏం చేయడని భయపడిందో ఒక్క పేజీ లేదు. "వాళ్ల నాన్న పదవికీ తనకీ మధ్య ఏది ఎంచుకుంటాడో ఆమెకు డౌట్ రాలేదా అక్కా? నాకైతే మొదట అదే వచ్చేది" అని వాళ్లలో ఒకమ్మాయి అడిగింది. నాకు ఈ నవల మీద వచ్చిన అన్ని అభిప్రాయాల్లో ఇది గొప్పదనిపించింది.

1989 డిసెంబరు 8న కేంద్ర హోంమంత్రి ముఫ్తీ మహమ్మద్ సయీద్ కూతురు రుబయా సయీద్‌ను శ్రీనగర్‌లో కిడ్నాప్ చేశారు. ఆయన హోంమంత్రి అయి వారం కూడా కాలేదు. అయిదుగురు మిలిటెంట్లను వదిలాక 13న ఆమె ఇంటికొచ్చింది. 2022 జులైలో ఆమె జమ్మూ కోర్టుకు వచ్చి తనను ఎత్తుకెళ్లినవాళ్లలో ఒకడని యాసిన్ మాలిక్‌ను గుర్తుపట్టి సాక్ష్యం చెప్పింది. మధ్యలో ముప్పై రెండేళ్లు! ఆ ముప్పై రెండేళ్లలో ప్రతి వాదనలోనూ, ప్రతి టీవీ చర్చలోనూ ఆమె పేరు ఒక ఉదాహరణ అయిపోయింది. బయటికొచ్చిన బందీ ఎలా బతుకుతుందన్నది మీ పుస్తకాల్లో ఎప్పుడూ రాని అధ్యాయం.

రాజకీయ హింస ఈ ప్రాంతపు పాఠకులకు దూరపు సంగతి కాదని కూడా మీరు గుర్తుంచుకోవాలి. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద మందుపాతరలు పేలాయి. 2015 నవంబరు 17న చిత్తూరు మేయర్ కటారి అనురాధను కార్పొరేషన్ ఆఫీసులోనే చంపారు. అదే ఏడాది ఏప్రిల్ 7న శేషాచలంలో ఎర్రచందనం కూలీలు ఇరవై మంది పోలీసు కాల్పుల్లో పోయారు. మీరు నిర్మానుష్యమని రాసిన అడవి అది. టాస్క్‌ఫోర్సు కూంబింగులు, తమిళనాడు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చే కూలీలు, చెట్టుకు వెల కట్టే దళారులు, వీళ్లెవరూ లేని శేషాచలాన్ని మా పాఠకులు నమ్మలేకపోయారు.

కిడ్నాప్ అంటే అడవీ తుపాకులే ఎందుకు కావాలి అని కూడా ఒకరు అడిగారు. 2025 ఫిబ్రవరి 3న జరగాల్సిన తిరుపతి డిప్యూటీ మేయర్ ఎన్నిక కోరం లేక మరునాటికి వాయిదా పడింది. కార్పొరేటర్లను ఎత్తుకెళ్లారని ఒక పక్షం, అదేం లేదని ఇంకో పక్షం. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. కానీ పీలేరు వైపు నుంచి వచ్చే ఒక పాఠకుడు చెప్పింది వినండి: "మా చిన్నాయన ఎంపీటీసీ. ఎంపీపీ ఎన్నికకు ముందు క్యాంపుకని రిసార్టులో పెట్టినారు, ఫోన్ తీసేసుకున్నారు. ఆయన ఇష్టపడి పోయినాడా, తీసుకుపోయినారా అని మా పిన్నమ్మకూ ఆయనకూ ఇప్పటికీ తగువే." ఆ తగువు నవలగా రాయండి. రిసార్టు ఏసీ గదిలో, మూడు పూటలా బిర్యానీ తింటూ, తలుపు బయట కూర్చున్న మనిషి తనకు కాపలానో తన మీద కాపలానో తెలియని ఎంపీటీసీ కథ రాయండి. ఇక్కడ చదవనివాడు ఉండడు.

ప్రచురణకర్తలకు విడిగా ఒక విన్నపం. వారపత్రికల్లో సీరియల్స్ వచ్చే రోజుల్లో పాఠకుల ఉత్తరాలు వారం వారం అచ్చయ్యేవి. రచయిత కథ నడుపుతుండగానే ఎక్కడ బిగువు సడలిందో పాఠకుడు చెప్పేవాడు. ఇప్పుడు నవల నేరుగా పుస్తకంగా వస్తోంది, ఆవిష్కరణ సభలో నలుగురు పెద్దలు పొగుడుతారు, అంతటితో సరి. మూడొందలు పెట్టి కొనలేక అద్దెకు తీసుకుని చదివే మనిషి ఏమనుకున్నాడో మీ దాకా రాదు. పుస్తకం చివరి పేజీలో పాఠకులు రాయడానికి ఒక చిరునామా, ఒక వాట్సాప్ నంబరు వేయండి. వచ్చిన వాటిలో గట్టి విమర్శలను కూడా మలి ముద్రణలో అచ్చువేయండి. జిల్లా గ్రంథాలయాలకు కాపీలు పంపేటప్పుడు థ్రిల్లరే కదా అని పక్కన పెట్టకండి. శాఖా గ్రంథాలయంలో పేపర్ కోసం వచ్చే కుర్రాళ్లు మొదట చేయి వేసేది దాని మీదే.

నేను చెప్పిన ఆ నవల రెండో ముద్రణకు వెళ్తోందని విన్నాను. రచయిత గారు ఈ లేఖ చూస్తే ఎవరి నవల గురించి రాశానో వారికి తెలిసిపోతుంది. అయ్యా, పెన్సిల్ రాతలున్న పేజీలన్నీ జెరాక్స్ తీసి ఉంచాను. తిరుపతి వస్తే షాపులో ఇస్తాను, లేదంటే మీ ప్రచురణకర్త ఆఫీసుకు కొరియర్ చేస్తాను. ఘాట్ రోడ్డు, సెక్షన్, ఫోన్, ఈ మూడూ ఒక్క వారంలో దిద్దవచ్చు. గన్‌మన్ ఇంటి గురించి, ఆ అమ్మాయి గది గురించి రాయడానికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ముద్రణ ఒక నెల ఆపినా ఫర్వాలేదు, మా వాళ్లు ఎదురుచూస్తారు. మా కానిస్టేబుల్ సార్ మీతో మాట్లాడటానికి ఒప్పుకున్నారు, సాయంత్రాలు ఇంట్లోనే ఉంటారట.

ఇట్లు,
అద్దె పుస్తకాల షాపు నిర్వాహకురాలు,
తిరుపతి